నేతలో భాగం

ఆరో సిట్టింగు పూర్తయిన ఆరు వారాలకు తులశమ్మ గుంటూరు వచ్చింది. ఒక్కతే వచ్చింది. చీరాలలో బస్సెక్కి, బస్టాండులో ఆటో అతనికి కాయితం చూపించి, పరిశోధన కేంద్రం గేటు దగ్గర దిగింది. కాయితం మీద చిరునామా తనే రాసుకుంది. యాభై ఒక్క ఏళ్ళలో ఆమె భర్త లేకుండా ఊరు దాటడం అదే మొదటిసారి.

వాచ్‌మన్ పేరడిగాడు. ఆమె చెవి చూపించి చెయ్యి ఊపింది. అతను గొంతు పెంచి మళ్ళీ అడిగాడు. ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీసి "బిందు. మా అమ్మాయి" అని రాసింది.

డాక్టర్ హిమబిందు ఆమెకు కూతురు కాదు. భర్త అన్నగారి కూతురు. పిల్లలు లేని తులశమ్మ ఆ తేడా ఎప్పుడూ పాటించలేదు.

బిందు మెట్లు దిగి వచ్చింది. "ఏంటి పిన్నీ, ఒక్కదానివే వచ్చావా? బాబాయేడి?" అని పెదాలు కనపడేలా అడిగింది. తులశమ్మ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, నిలబడే రాసింది.

"ఆయన చేతులు నాతో మాట్లాడటం లేదు. మొదట కోపమనుకున్నా. నెల దాటింది. కోపం కాదు."

బిందు రెండుసార్లు చదివింది. ఎందుకు అని అడగలేదు. ఆమెకు తెలుసు.

*

బీరక భావనారాయణ ఎనిమిదో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. బడికి పోలేదు. నలభై ఎనిమిదేళ్ళు నేశాడు. పోయిన సంవత్సరం నూలు ఇచ్చే షావుకారు వ్యాపారం ఎత్తేశాడు. వీధిలో పదిహేడు మగ్గాలు ఒకే నెలలో ఆగాయి. ఒంగోలు రోడ్డులో కార్ల వైర్లు కట్టలు కట్టే ఫ్యాక్టరీ కొత్తగా మనుషుల్ని తీసుకుంటోందని విని భావనారాయణ వెళ్ళాడు. మూడు వారాల శిక్షణలో రెండుసార్లు వెనక్కి పంపారు.

పని కష్టమై కాదు. ఎర్ర వైరు తీసి నల్లదాని పక్కన పెట్టి క్లిప్పు వెయ్యాలి. అంతే. కానీ భావనారాయణ కుడిచెయ్యి ప్రతి రెండు సెకన్లకూ గాలిలో లేని తాడు లాగేది. తాడు లాగితే అడ్డపోగు మోసే నాడె అటు పోవాలి, మళ్ళీ లాగితే ఇటు రావాలి. నాడె లేదు కాబట్టి చేతిలో వైరు తెగేది. బల్ల కింద కాళ్ళు తొక్కుడు చెక్కల కోసం వెతుకుతుండేవి. "పెద్దాయనా, అది వైరు, నూలు కాదు" అని సూపర్‌వైజర్ అందరూ వినేలా అనేవాడు.

"ఈ చేతులు నా మాట వినటల్లేదమ్మాయ్" అన్నాడు భావనారాయణ గుంటూరు వచ్చి. "మీ కాడ ఏదో టోపీ ఉందంటగా. నాకు పెట్టు."

టోపీ ఉంది. దానికి అరవై నాలుగు తీగలున్నాయి. దాన్ని పెట్టుకుని మనిషి తన పాత పని చేస్తాడు. పని చేస్తున్నప్పుడు మెదడులో ఎక్కడెక్కడ కదలిక వస్తుందో యంత్రం పటం గీస్తుంది. ఆ తర్వాత ఆరు సిట్టింగుల్లో ఆ పటంలో ఉన్న ముడులన్నిటినీ వదులు చేస్తుంది. కొన్ని వారాలకు పాత పని చేతుల్ని వదిలేస్తుంది, కొత్త పని ఎక్కుతుంది. పని చేసినట్టు జ్ఞాపకం ఉంటుంది గాని చేతులకు తెలియదు. అప్పటికి పంతొమ్మిది మంది పూర్తి చేశారు. అందులో ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టిన ఒకామె ఇప్పుడు ఆటో నడుపుతోంది.

పటం గీసే రోజున భావనారాయణ మగ్గాన్ని విప్పి లారీలో తెచ్చి, ప్రయోగశాలలో చెక్కల ఎత్తు మీద బిగించారు. గదిలో పని చేసే మనిషి తప్ప ఎవరూ ఉండకూడదని నియమం. భావనారాయణ టోపీ పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నాడు. నాలుగుసార్లు మొదలుపెట్టాడు, నాలుగుసార్లూ ఆపాడు.

"ఎదురుగా మీ పిన్ని లేకపోతే నాడె పోదమ్మాయ్. ఎన్నడూ ఒక్కణ్ణే నెయ్యలా."

తులశమ్మ వరండాలోనే ఉంది. బిందు ఆమెను లోపలికి పిలిచింది. ఆమె రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో భావనారాయణకు వరస దొరికింది. నాలుగైదు పోగులకొకసారి అతని చేతులు తాడు వదిలి గాలిలో ఏదో చెప్పేవి. ఆమె చేతులు రాట్నం వదిలి జవాబు చెప్పేవి. మళ్ళీ నేత సాగేది.

బిందు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అది. మగ్గం చప్పుడులో చెవులున్నవాళ్ళకే మాట వినపడదు. పెళ్ళయిన మూడోనాడు వాళ్ళిద్దరూ మగ్గానికి అటూ ఇటూ కూర్చుని మొదలుపెట్టిన మాటలు. తాడు రెండుసార్లు లాగినట్టు చేస్తే రమ్మని. తెగిన పోగు అతికినట్టు బొటనవేలు చూపుడువేలి మీద తిప్పితే పోనీలే సర్దుకుందామని. ముప్ఫై మూడేళ్ళలో ఆ మాటలు ఎన్నయ్యాయో వాళ్ళకే తెలియదు. ఆ భాష తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే.

అద్దం వెనక ప్రయోగశాల అధిపతి మస్తాన్‌వలి తెర మీది పటంలో ఒకచోట వేలు పెట్టాడు. "హిమబిందూ, ఈ ముద్ద ఏంటి? మిగతా పంతొమ్మిది మందిలో ఎవరికీ లేదే."

బిందు చూసింది. మాటలకు సంబంధించిన చోటు అది కాదు. చేతుల పని ఉండే చోటికి ఆనుకుని ఉంది. మాట మాటే, పని పనే అనుకుంది. అయినా ఒక అనుమానం వచ్చింది. తీర్చుకోవాలంటే మగ్గం లేకుండా, ఉత్త చేతులతో వాళ్ళిద్దరినీ మాట్లాడించి ఇంకో పటం గీయాలి. రెండూ పోల్చాలి. దానికి వారం కావాలి. ఫ్యాక్టరీలో ఖాళీ ఒకటో తేదీ దాకానే ఉంటుంది. బాబాయి అప్పటికే మూడుసార్లు తేదీ అడిగాడు.

"నేత అలవాటే సార్" అంది. "మా ఇళ్ళల్లో అందరూ అంతే."

మస్తాన్‌వలి తల ఊపాడు. నేతగాళ్ళింట్లో పుట్టిన మనిషి చెబుతుంటే ఆయన కాదనడానికేముంది? ఫారంలో ఆ ముద్ద పక్కన ఉన్న గడిలో బిందు రెండు మాటలు రాసింది. నేతలో భాగం. కింద సంతకం పెట్టింది.

*

తులశమ్మ గుంటూరు వచ్చి వెళ్ళాక, ఆ ఆదివారం బిందు చీరాల వెళ్ళింది. భావనారాయణ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఉంది. సెలవు రోజు కూడా తీయలేదు.

"రా అమ్మాయ్, రా. మీ పిన్ని నా మీద చాడీలు చెప్పటానికి గుంటూరు దాకా వచ్చిందంటగా!"

"చాడీలేం లేవు బాబాయ్."

"నన్ను మొదటి బల్లకి మార్చారు, తెలుసా? పెద్దాయనా అని ఎకసెక్కాలాడిన ఆ సూపర్‌వైజరే ఇప్పుడు కొత్తోళ్ళని తెచ్చి నా పక్కన కూచోబెడతన్నాడు, చూసి నేర్చుకోండ్రా అని. యాభై ఆరేళ్ళోణ్ణి! ఇన్నాళ్ళూ నాకు నేత తప్ప ఏం రాదనుకున్నా."

వంటింట్లోంచి తులశమ్మ వచ్చి ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నం సగమయ్యాక భావనారాయణ వైపు తిరిగి చెయ్యి తిప్పింది. అతను చేతిని చూశాడు, ముఖం చూశాడు, తర్వాత బిందు వైపు చూశాడు. చుట్టాలింట్లో కూర్చున్నవాడిలా నవ్వుతున్నాడు.

"ఏమంటంది?"

తులశమ్మ రెండో చేతిలో గిన్నె ఉంది. "పెరుగు బాబాయ్" అంది బిందు.

"ఆఁ, పెరుగు! వెయ్యి, వెయ్యి!" అన్నాడు భార్యతో, గట్టిగా.

చెవిటివాళ్ళతో ఊళ్ళోవాళ్ళంతా అలాగే మాట్లాడతారు. ఆ ఇంట్లో మాత్రం బిందు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

భోజనాలయ్యాక భావనారాయణ అరుగు మీద కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది.

"నాకు అన్నీ గుర్తున్నైయమ్మాయ్. పెళ్ళైన కొత్తల్లో ఏం మాట్టాడుకున్నామో గుర్తుంది. మీ నాన్న పోయిన రోజున మీ పిన్ని నాకేం చెప్పిందో గుర్తుంది. ఎట్టా చెప్పిందో తెలవటల్లా. చేతులు చూస్తా ఉంటే ఉత్త చేతుల్లాగే కనపడతన్నై."

బిందు లోపలి గుమ్మం వైపు చూసింది.

"పోన్లో రాసి పంపిద్ది. ఆమె అయిదు దాకా చదివిందిగా. నాకా అక్షరం ముక్క రాదాయె. పక్క బల్ల అమ్మాయి యేసుమణి చదివి పెడతది. మొన్న ఒకటి మొదలెట్టి సగంలో ఆపేసింది. 'అంకుల్, ఇది ఇంటికెళ్ళి చదివించుకోండి' అంది. ఇంటికాడ ఎవరున్నారమ్మాయ్, చదవటానికి?" మెడలో కార్డు సర్దుకుని అడిగాడు. "ఇది కూడా సర్దుకునిద్దిగా?"

"చూస్తాను బాబాయ్" అంది బిందు. సర్దుకోదని తెలిసే అంది.

*

సోమవారం బిందు సంగతి చెప్పగానే మస్తాన్‌వలి తలుపు మూసి కూర్చోమన్నాడు.

"విడిపోయిన ముడి మళ్ళీ పడదు. నీకు తెలియంది కాదు. ఆ ముద్ద అదేనా?"

"అదే సార్."

"నువ్వు నేత అన్నావు."

"అన్నాను."

"నీకప్పుడు అనుమానమేమైనా వచ్చిందా?"

"లేదు సార్."

మస్తాన్‌వలి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఊహించని ఫలితం అని రాద్దాం. ఇలాంటి పనుల్లో అలాంటివి ఉంటాయి. వచ్చే నెల మీ ఊరి నుంచే నలభై మంది నేతగాళ్ళు రాబోతున్నారు. వాళ్ళ విషయంలో జాగ్రత్తపడదాం."

బిందు తన గదిలోకి వచ్చింది. రెండు అబద్ధాలు అయ్యాయి. ఒకటి గడిలో, ఒకటి గదిలో.

పటం గీసిన రోజు వీడియో కంప్యూటర్‌లో ఉంది. గంటా యాభై రెండు నిమిషాలు. చేతులు మాట్లాడిన చోటల్లా బిందు కత్తిరించి పెట్టుకుంది. రెండు వందల పద్నాలుగు ముక్కలు వచ్చాయి. ఒక్కోదానికీ అర్థం పిన్ని చేత రాయించి, బాబాయికి పాఠాలుగా నేర్పాలని ఆమె ఆలోచన. పోయినదాన్ని వెనక్కి తేలేకపోతే మళ్ళీ మొదటి నుంచి నేర్పవచ్చు. మూడు రోజులు సెలవు పెట్టింది.

భావనారాయణ ఫ్యాక్టరీకి వెళ్ళాక తులశమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద తనను తాను చూసుకుని నవ్వింది. "సినిమాలో ఉన్నా" అని రాసింది. తర్వాత పని మొదలుపెట్టింది. బిందు ముక్క చూపిస్తుంది, ఆమె అర్థం రాస్తుంది.

దారం తెగింది. ఆకలవుతోందా. అద్దం వెనక పెద్దాయన ఆవులిస్తున్నాడు. మళ్ళీ ఆవులించాడు. ఈ చెక్కల మీద నడుం పట్టేసింది. పోనీలే, సర్దుకుందాం. అమ్మాయి చిక్కిపోయింది, సరిగా తింటల్లేదు.

ఆ చివరిదానికి తులశమ్మ తలెత్తి బిందు చెయ్యి పట్టుకుని మణికట్టు కొలిచి, అవునన్నట్టు తల ఊపింది.

రెండో రోజు పదకొండు గంటలకు తొంభై మూడో ముక్క వచ్చింది. తెర అంచున ఒక చెయ్యి కనపడుతోంది. భావనారాయణ టోపీకి తీగ సరిచేస్తున్న బిందు చెయ్యి అది. రాట్నం దగ్గర తులశమ్మ ఏదో అడిగింది. భావనారాయణ తల కదపకుండా జవాబిచ్చాడు. ఏడు సెకన్లు.

తులశమ్మ పెన్సిలు ఆగింది. తర్వాతి ముక్క చూపించమని సైగ చేసింది. బిందు చూపించలేదు. నోట్‌బుక్ ఆమె వైపు జరిపింది. తులశమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. బిందు మళ్ళీ జరిపింది.

అప్పుడు తులశమ్మ రాసింది.

"నేను: నేత తీసేస్తే మన మాటలు కూడా పోతయ్యేమో. బిందుని అడుగు.

ఆయన: అడగక్కర్లా. మన పిల్ల. పోయేదైతే తనే చెప్పిద్ది."

బిందు తెర వైపు చూసింది. ఏడు సెకన్ల ముక్క మళ్ళీ మొదలై తిరుగుతోంది. తన చెయ్యి వచ్చి తీగ సరిచేసి వెళ్ళిపోతోంది.

*

మూడున్నరకు ఫ్యాక్టరీ బస్సు దిగి భావనారాయణ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాక బిందు కింద కూర్చుని చెప్పింది. ముద్ద గురించి, గడి గురించి, అందులో రాసిన రెండు మాటల గురించి. నోట్‌బుక్‌లో ఉన్నది చదివి వినిపించింది.

"నీకు తెలుసా అప్పుడు?"

"అనుమానం వచ్చింది బాబాయ్. తేల్చుకోవాలంటే ఇంకో వారం పట్టుద్దని ఆగలేదు."

"వారం."

"వారమే."

భావనారాయణ మెడలో కార్డును బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. తిడితే బాగుండునని బిందు ఎదురుచూసింది. అతను తిట్టలేదు.

"నన్నడిగుంటే ఏం చెప్పేవోణ్ణో తెలుసా? పోతే పోనీలే, కానియ్యి అనేవోణ్ణి. అంత ఆత్రంగా ఉన్నా ఆ పని కోసం." భార్య వైపు చూశాడు. "మీ పిన్ని వద్దనేది. ఆమెని అడగాల్సింది నువ్వు. నేనూ అడగాల్సింది. ఇద్దరం కలిసి ఆమె నోరు కట్టేశాం."

తులశమ్మ ఇద్దరి పెదాలూ చూస్తూ గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇప్పుడీ ఉద్యోగం మానేస్తే తిరిగొస్తయ్యా?" అన్నాడు.

"రావు బాబాయ్."

"మరైతే మానను. ఆ బల్ల కాడ నేనొక మనిషినమ్మాయ్. అది అబద్ధం కాదుగా."

"కాదు" అంది బిందు.

ఆమె లాప్‌టాప్ తెరిచి మొదటి ముక్క చూపించింది. భావనారాయణ శ్రద్ధగా చూసి చేతులు అలాగే తిప్పాడు. ఎర్ర వైరు తీసి నల్లదాని పక్కన పెట్టినట్టు, వరసగా, తప్పు లేకుండా. తులశమ్మ మూడు ముక్కలు చూసింది. నాలుగోదానికి వచ్చి లాప్‌టాప్ మూత మూసేసింది. నోట్‌బుక్ తీసుకుంది.

"ఇవి అయిపోయిన మాటలు. నాకు ఇవొద్దు. నా మగ్గం నాకు తెచ్చి పెట్టు."

నా మగ్గం అన్న చోట పెన్సిలు కాగితంలోకి దిగింది.

*

గుంటూరు తిరిగి వెళ్ళిన రోజే బిందు, మనుషుల మీద చేసే ప్రయోగాల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘానికి ఉత్తరం రాసింది. ఊహించని అన్న మాట అందులో లేదు. అనుమానం వచ్చిన సమయం, ముద్ద ఎక్కడ ఉన్నదీ, తను అధిపతికి చెప్పిన రెండు అబద్ధాలూ ఉన్నాయి. నాలుగు రోజుల్లో ప్రయోగం ఆగింది. విచారణ ముగిసేదాకా ఆమెను ప్రయోగశాలలోకి రావద్దన్నారు.

"నువ్వు రాయకపోతే ఎవరూ అడిగేవాళ్ళు కాదు" అన్నాడు మస్తాన్‌వలి. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"మా పిన్ని అడిగింది సార్. నా ముందే అడిగింది."

రావలసిన నలభై మందిలో ఆరుగురు బిందుకు ఫోన్ చేశారు. అందులో ఒకతను, భావనారాయణ వీధివాడే, "మీ బాబాయికి ఉద్యోగం ఇప్పించుకుని మా నోటికాడ కూడు లాగేశావు తల్లీ" అన్నాడు. బిందు క్షమించమంది. అతను ఫోన్ పెట్టేశాడు.

ప్రయోగశాలలోనే ఉండిపోయిన మగ్గం మినీ లారీలో చీరాల చేరింది. దాన్ని గుంట మీద బిగించేటప్పుడు భావనారాయణ తాడు చేత్తో పట్టుకుని ఏ కొనకు కట్టాలో తెలియక నిలబడ్డాడు. తులశమ్మ తీసుకుని కట్టింది. తర్వాత చీర కొంగు నడుముకు చుట్టుకుని గుంటలోకి దిగింది. ఆ ఇంట్లో గుంటలోకి దిగింది ఎప్పుడూ మగవాళ్ళే. ఆమె ముప్ఫై మూడేళ్ళు ఎదురుగా కూర్చుని చూసింది. మొదటి రోజు పోగు పదకొండుసార్లు తెగింది. పదకొండుసార్లూ అతికింది.

నూలు బిందు తెచ్చిచ్చింది. ఎవరికి నేస్తున్నావని అడిగితే తులశమ్మ నోట్‌బుక్ తీయలేదు. తన గుండె మీద వేలు పెట్టుకుంది.

మగ్గం బిగించాక అయిదో ఆదివారం బిందు వెళ్ళేసరికి గుమ్మంలో పక్కింటామె నిలబడి ఉంది. లోపల మగ్గంలో తులశమ్మ ఉంది. ఆమె కూర్చునే చోట, రాట్నం ముందు, భావనారాయణ ఉన్నాడు. చుట్టిన కండె మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా జారుతోంది.

"ఏంది భావనారాయణా, ఇది ప్రమోషనా, డిమోషనా?" అంది పక్కింటామె.

"ట్రైనింగులో ఉన్నానే, పలకరించబాక" అన్నాడు.

బిందు గడప పక్కన కూర్చుంది. నేత సాగుతోంది. వరస అంత సమంగా లేదు. కాసేపటికి తులశమ్మ గాలిలో రెండుసార్లు తాడు లాగింది. భావనారాయణ లేచి కండె తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పి చూసి, అతని నెత్తిన మొట్టి, వెనక్కి ఇచ్చింది. అతను నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు.

ఇంకో పది పోగులు పడ్డాక ఆమె తాడు వదిలింది. ఈసారి సైగ పెద్దది. రెండు చేతులూ కదిలాయి, మధ్యలో ఒకసారి ఆగాయి, మళ్ళీ కదిలాయి. భావనారాయణ చూశాడు. అర్థం కాలేదు. అలవాటుగా గడప వైపు తిరిగాడు.

"ఏమంటంది అమ్మాయ్?"

బిందుకు తెలుసు. ఆ సైగ వీడియోలో పద్నాలుగుసార్లు ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది.

గుంటలోంచి తులశమ్మ ఆమె వైపు అరచెయ్యి చూపించింది. ఆగమని.

బిందు నోరు మూసుకుంది. తులశమ్మ భర్త వైపు తిరిగి అదే సైగ మొదటి నుంచి మళ్ళీ చేసింది, ఈసారి నెమ్మదిగా. భావనారాయణ కండె కింద పెట్టి, ముందుకు వంగి చూస్తున్నాడు.

బిందు లేచి చెప్పులేసుకుని వీధిలోకి వచ్చింది. వెనక మగ్గం ఆగింది. రాట్నం కూడా ఆగింది. నాలుగడుగులు వేసి ఆమె నిలబడి చెవి ఒగ్గింది. వినడానికేమీ ఉండదని గుర్తొచ్చి, బస్టాండు వైపు నడిచింది.